బండి బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే: ఛార్జింగ్ లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

వానాకాలం మొదలైతే చాలు, ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగువాళ్ల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. బైకుకు కొత్త బ్యాటరీ వేయించి నెలలు కూడా కాలేదు, పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదు, మళ్లీ బ్యాటరీ మార్చాలా?

మార్చకండి. ముందు కొలవండి. బ్యాటరీకి ఛార్జింగ్ సరిగా అందకపోయినా, ఎక్కువగా అందినా అది పాడవుతుంది. అసలు లోపాన్ని వదిలేసి బ్యాటరీని మారిస్తే రెండోది కూడా అదే దారి పడుతుంది. కింద చెప్పిన వరుసలో వెళితే సామాన్యమైన మల్టీమీటర్‌తో, ఇంటి ముందే లోపాన్ని పట్టుకోవచ్చు. వరుస మాత్రం తప్పకండి. ఒక్కో కొలతకూ అర్థం చెప్పేది దాని ముందు తీసుకున్న కొలతే.

1. ముందు సిద్ధం చేసుకోవలసినవి

☐ డిజిటల్ మల్టీమీటర్. డీసీ వోల్టులు, ఏసీ వోల్టులు, ఓమ్‌లు, డయోడ్ గుర్తు, 10 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. లోపలి సెల్ కొత్తదై ఉండాలి. సెల్ నీరసిస్తే మీటరు తప్పు అంకెలు చూపిస్తుంది.
☐ 8, 10, 12 నంబరు స్పానర్లు, స్టార్ స్క్రూడ్రైవర్
☐ గరుకు కాగితం, పాత టూత్‌బ్రష్, వంటసోడా
☐ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
☐ హీట్ ష్రింక్ ట్యూబు, ఇన్సులేషన్ టేపు
☐ బండిలో ఉన్నన్ని ఆంపియర్లే ఉన్న స్పేర్ ఫ్యూజులు
☐ కాగితం, పెన్ను. ప్రతి కొలతనూ రాసుకోవాలి.

బండిని గాలి ఆడే చోట మెయిన్ స్టాండ్ మీద నిలపండి. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగరుబత్తి, దీపం ఉండకూడదు. ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. పాజిటివ్ నట్టు మీద ఉన్న స్పానర్ పొరపాటున ఛాసిస్‌కు తగిలితే, నెగటివ్ ఇంకా కలిసి ఉన్న బండిలో అక్కడికక్కడే షార్ట్ అయి నిప్పురవ్వలు లేస్తాయి.

2. కరెంటు నడిచే దారి

ఇంజిన్‌తో పాటు మ్యాగ్నెట్ తిరుగుతుంది. దాని లోపలి కాయిల్ ప్లేటులో, అంటే స్టేటర్‌లో, ఏసీ కరెంటు పుడుతుంది. ఆర్‌ఆర్ యూనిట్ (రెక్టిఫయర్-రెగ్యులేటర్) దాన్ని డీసీగా మార్చి, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపుతుంది. అక్కడి నుంచి వైర్లు, ఫ్యూజు మీదుగా బ్యాటరీకి చేరుతుంది. మనం వెతికేది ఈ దారిలోనే: స్టేటర్, ఆర్‌ఆర్ యూనిట్, మధ్యలోని వైర్లూ, వాటిని కలిపే ప్లాస్టిక్ కప్లర్లూ, బ్యాటరీ.

2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. పాత 100 సీసీ బళ్లు చాలావాటిలో హెడ్‌లైట్‌కు కరెంటు నేరుగా కాయిల్ నుంచే వచ్చేది. అందుకే ఐడ్లింగ్‌లో వెలుగు తగ్గి, రేజ్ ఇస్తే పెరుగుతుంది. అలాంటి బండికి అది రోగం కాదు.

3. లక్షణాలను చదవడం

- సెల్ఫ్ నొక్కితే స్టార్టర్ రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) టకటక కొట్టుకుంటోంది, హారన్ పీలగా మోగుతోంది: బ్యాటరీలో ఛార్జ్ లేదు. కారణం ఇంకా తెలియదు.
- బల్బులు తరచూ మాడిపోతున్నాయి, బ్యాటరీ పక్కలు ఉబ్బాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది: ఓవర్‌ఛార్జింగ్ అని అనుమానించాలి.
- రోజంతా బాగుండి, రాత్రి నిలిపితే పొద్దుటికి దిగిపోతోంది: బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా కీ ఆఫ్ చేసినా కరెంటు ఎక్కడో కారుతూ ఉండాలి.
- హారన్, దీపాలు గట్టిగా ఉన్నాయి కానీ సెల్ఫ్ ఒక్కటే తిరగదు: ఇది ఛార్జింగ్ సమస్య కాకపోవచ్చు. స్టార్టర్ రిలే, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి.

4. మొదటి కొలత: ఆగి ఉన్న బండి

బండి ఆపాక కనీసం రెండు గంటలు, వీలైతే ఒక రాత్రి వదిలేయండి. ఆపిన వెంటనే కొలిస్తే అంకె అబద్ధం చెబుతుంది. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ పాజిటివ్‌కు, నల్ల ప్రోబ్ నెగటివ్‌కు తాకించండి.

- 12.6 నుంచి 12.8: నిండుగా ఉంది
- 12.4 దగ్గర: ముప్పాతిక
- 12.2 దగ్గర: సగం
- 12.0, అంతకంటే తక్కువ: దాదాపు ఖాళీ
- 10.5 దగ్గర ఆగిపోయి, ఛార్జ్ పెట్టినా కదలడం లేదు: బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో (సెల్స్‌లో) ఒకటి పోయింది. ఒక్కో గది 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఐదు గదులకు సరిగ్గా ఇంతే వస్తుంది. ఈ బ్యాటరీ ఇక లేవదు.

12.4 కంటే తక్కువ ఉంటే, ముందు బయటి ఛార్జర్‌తో నింపి ఆ తర్వాతే తక్కిన పరీక్షలకు వెళ్లండి. అందరూ ఎగరగొట్టే మెట్టు ఇదే. ఖాళీ బ్యాటరీ మీద ఛార్జింగ్ వోల్టేజీ కొలిస్తే, బాగున్న స్టేటర్ కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది.

ఛార్జర్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉంటే మంచిది. 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) బ్యాటరీకి 0.5 ఆంపియర్, 9 ఏహెచ్‌కు 0.9. లారీ బ్యాటరీలు ఎక్కించే పెద్ద ఛార్జర్‌కు చిన్న బండి బ్యాటరీ తగిలిస్తే లోపలి ప్లేట్లు వంకరపోతాయి. షాపులో ఇచ్చేటప్పుడు ఈ మాట గట్టిగా చెప్పండి.

మూతలున్న పాత రకం బ్యాటరీ అయితే నీటి మట్టం చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీరు, ఆర్‌ఓ నీరు పనికిరావు. యాసిడ్ అసలే పోయకూడదు. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత పోసి ఛార్జ్ పెట్టి, నిండాక పై గీత వరకు నింపండి.

నిండిన బ్యాటరీని తీగలు తగిలించకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున 12.6 పైన ఉంటే బండికి బిగించి, మీటరు చూస్తూ సెల్ఫ్ కొట్టండి. ఆ రెండు మూడు క్షణాల్లో అంకె 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేనట్టే. అయినా కొత్తది కొనే ముందు తర్వాతి కొలత తీయండి. దాన్ని చంపింది ఏదో తెలియాలి కదా.

5. రెండో కొలత: నడుస్తున్న ఇంజిన్

నిండిన బ్యాటరీతో ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మళ్లీ కొలవండి. ఒకసారి ఐడ్లింగ్‌లో, ఒకసారి 4,000 ఆర్‌పీఎం దగ్గర. ఆర్‌పీఎం ముల్లు లేని బండి అయితే, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో చురుగ్గా వెళుతున్నప్పటి ఇంజిన్ శబ్దాన్ని గుర్తు పెట్టుకుని అంత రేజ్ ఇవ్వండి. తర్వాత హై బీమ్, బ్రేక్ లైటు, ఇండికేటర్లు వేసి మరోసారి.

- 13.5 నుంచి 14.8 మధ్య నిలకడగా ఉంది: ఛార్జింగ్ బాగుంది. 9వ అంశానికి వెళ్లండి.
- రేజ్ పెంచినా అంకె పెరగడం లేదు, లేదా తగ్గుతోంది: ఛార్జింగ్ లేదు. 6వ అంశం నుంచి మొదలుపెట్టండి.
- 13 దాటుతోంది కానీ దీపాలు వేయగానే కిందికి పడుతోంది: స్టేటర్‌లోని మూడు కాయిల్ వరుసల్లో ఒకటి పోయి ఉండవచ్చు, కప్లర్ మాడి ఉండవచ్చు, అదనపు దీపాల భారం కావచ్చు.
- 15 దాటింది: ఆర్‌ఆర్ యూనిట్ హద్దు ఆపలేకపోతోంది, లేదా దాని ఎర్త్ (ఛాసిస్‌కు కలిసే నెగటివ్ తీగ) వదులైంది. బాగుచేసే దాకా దూరం వెళ్లకండి. బ్యాటరీతో పాటు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కూడా పోవచ్చు.

ఇక్కడ ఒక మాట బలంగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఆగితే ఛార్జింగ్ లేదనీ, ఆగకపోతే ఉందనీ తేల్చే అలవాటు కొందరికి ఇంకా ఉంది. దయచేసి మీ బండి మీద అలా చేయనివ్వకండి. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఆర్‌ఆర్ యూనిట్‌నో, ఈసీయూనో కాల్చేస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఆ ఒక్క పరీక్ష ఖర్చు పది బ్యాటరీలను మించవచ్చు.

6. వైర్లు, కప్లర్లు: ఎక్కువ రోగాలు ఉండేది ఇక్కడే

స్టేటర్ కొనే ముందు ఒక గంట ఇక్కడ గడపండి. ఖర్చు దాదాపు ఉండదు.

ముందు బ్యాటరీ టెర్మినల్స్. తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో రుద్ది, తుడిచి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో మెరిసేలా గీసి బిగించండి. చేత్తో కదిపితే కదలకూడదు. పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాయండి.

తర్వాత మెయిన్ ఫ్యూజు. పైకి బాగున్నట్టు కనిపించినా తీసి, కాళ్లు రెండూ చూడండి. అవి నల్లబడి ఉంటే హోల్డర్ వదులైనట్టే. ఫ్యూజు కొత్తది వేసినంత మాత్రాన సరిపోదు, హోల్డర్ కూడా మార్చాలి.

అసలైన చోటు స్టేటర్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్‌కు వెళ్లే కప్లర్. మూడు పసుపు పచ్చ తీగలు కలిసే ఆ తెల్లటి ప్లాస్టిక్ ముక్కను విప్పి వెలుతురులో పట్టుకుని చూడండి. బాగున్నది పాలతెలుపులో ఉంటుంది. వేడెక్కినది ఒక పిన్ను చుట్టూ టీ రంగుకు తిరిగి, అంచు కరిగి, ఆ పిన్ను నీలి నలుపుగా మారి ఉంటుంది. మూడింటిలో ఒక్కటి అలా ఉన్నా ఛార్జింగ్ బాగా తగ్గిపోయినట్టే. తీగను కొద్దిగా చీలిస్తే లోపలి రాగి పచ్చబడి పొడిగా రాలవచ్చు. అలా ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయండి.

మాడిన కప్లర్‌ను శుభ్రం చేసి మళ్లీ వాడకండి. కోసి కొత్తది వేయండి. కొత్త కప్లర్ దొరకకపోతే పసుపు తీగల కొనలను జతగా ఒక్కొక్కటిగా కలిపి నొక్కి, టంకం వేసి, విడివిడిగా హీట్ ష్రింక్ ట్యూబు ఎక్కించండి. ఆ మూడూ ఆర్‌ఆర్ యూనిట్‌లోకి ఏ వరుసలో వెళ్లినా తేడా లేదు. ఒట్టి మెలి తిప్పి టేపు చుట్టిన జాయింటు ఒక వానకు మించి నిలవదు.

మన వైపు రెండు సంగతులు అదనంగా చూడాలి. ఒకటి ఎర్రమట్టి. కోరాపుట్, రాయగడ పల్లెదారుల్లో తిరిగే బండికి ఆర్‌ఆర్ యూనిట్ రెక్కల మధ్య మట్టి గట్టిపడి పెంకు కడుతుంది. గాలి తగలక అది లోలోపల ఉడికిపోతుంది. బ్రష్‌తో తోమండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టాన్ని కప్లర్ల వైపు తిప్పనివ్వకండి. రెండోది ఎలుకలు. వరి కోతల తర్వాత ధాన్యం బస్తాల పక్కన బండి నిలిపేవాళ్లు సీటు, ట్యాంకు కింద వైర్లను తప్పకుండా చూడాలి.

చూపుకు అందని లోపానికి మీటరు ఉంది. ఇంజిన్‌ను 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, డీసీ వోల్టుల మీద ఒక ప్రోబ్‌ను ఆర్‌ఆర్ యూనిట్ పాజిటివ్ తీగ దగ్గర, మరొకదాన్ని బ్యాటరీ పాజిటివ్ దగ్గర పెట్టండి. తేడా 0.3 వోల్టులకు మించకూడదు. నెగటివ్ వైపు కూడా అలాగే. మించితే ఆ రెండు బిందువుల మధ్య ఎక్కడో జాయింటు చెడింది. బాడీ ఎర్త్ బోల్టు కింద తుప్పు, పెయింటు గీకి బిగిస్తే చాలాసార్లు తేడా అక్కడే మాయమవుతుంది.

7. స్టేటర్ పరీక్ష

ఇంజిన్ ఆపి పసుపు తీగల కప్లర్ విడదీయండి. ఇకపై స్టేటర్ వైపు సగంలోనే కొలతలు.

మొదట ఓమ్‌లు. మూడు తీగలను జతలు జతలుగా కొలవండి. చాలా బళ్లలో 1 ఓమ్ లోపు చిన్న అంకె వస్తుంది. మీటరు ప్రోబ్‌లు రెండూ కలిపితే వచ్చే అంకెను అందులోంచి తీసేయండి. మూడు జతలూ సమానంగా ఉండాలి. తర్వాత ప్రతి తీగకూ, ఇంజిన్ లోహానికీ మధ్య కొలవండి. అక్కడ దారి ఉండకూడదు. మీటరు ఏదైనా అంకె చూపిస్తే కాయిల్ ఎర్త్ అయిందని అర్థం.

ఒక హెచ్చరిక: ఈ ఎర్త్ పరీక్ష మూడు పసుపు తీగల బళ్లకే. పాత చిన్న బళ్లలో కొన్నిటికి కాయిల్ ఒక కొనను ఎర్త్‌కే కలుపుతారు. అది చూసి మంచి కాయిల్‌ను పారేయకండి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ అంకెలే అక్కడ ప్రమాణం.

తర్వాత ఏసీ వోల్టులు. మీటరును ఏసీ 200 మీద పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. తీగలను వేళ్లతో పట్టుకోకండి, షాక్ కొడుతుంది. ఐడ్లింగ్‌లో 15 నుంచి 25 వోల్టుల దాకా, రేజ్ పెంచితే 50 దాటి రావడం మామూలు. మోడల్‌ను బట్టి అంకె మారుతుంది, మారకూడనిది సమానత్వం. రెండు జతలు తక్కువ చూపి ఒకటి ఎక్కువ చూపితే ఒక వరుస కాలిపోయింది.

మార్చవలసి వస్తే:

1. మ్యాగ్నెట్ భాగంలో ఆయిల్ ఉండే ఇంజిన్ అయితే ముందు ఆయిల్ దించండి.
2. కవరు బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. అట్టముక్కకు అదే ఆకారంలో రంధ్రాలు చేసి ఏ బోల్టు ఆ స్థానంలో గుచ్చండి.
3. స్టేటర్ కవరుకే బిగించి ఉంటే పని తేలిక. కవరు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు అయస్కాంతం గట్టిగా లాగుతుంది, వేళ్లు జాగ్రత్త.
4. స్టేటర్ మ్యాగ్నెట్ వెనక ఉంటే పుల్లర్ కావాలి. సుత్తి, స్క్రూడ్రైవర్‌తో లేపితే అయస్కాంతాలు చిట్లుతాయి. పుల్లర్ లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కు అప్పగించండి.
5. పాత కాయిల్‌ను చూడండి. బంగారు రంగు చుట్ల మధ్య కొన్ని బొగ్గులా ఉంటే మీ కొలత నిజమైనట్టు.
6. కొత్త గ్యాస్కెట్ వేసి, తీగ బయటికి వచ్చే రబ్బరు చుట్టూ సీలెంట్ రాసి, తీగ ఎక్కడా మ్యాగ్నెట్‌కు, చైన్‌కు తగలకుండా క్లిప్పు కింద నొక్కి బిగించండి.

8. ఆర్‌ఆర్ యూనిట్ పరీక్ష

యూనిట్‌ను వైర్ల నుంచి విడదీసి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎర్ర ప్రోబ్ పసుపు పిన్నుకు, నల్లది పాజిటివ్ పిన్నుకు: 0.4 నుంచి 0.7 మధ్య రావాలి. ప్రోబ్‌లు తారుమారు చేస్తే దారి ఉండకూడదు. మూడు పసుపు పిన్నులకూ ఇదే. తర్వాత ఎర్ర ప్రోబ్ నెగటివ్ పిన్నుకు, నల్లది ఒక్కో పసుపు పిన్నుకు పెట్టి అలాగే చూడండి.

రెండు వైపులా దారి ఉంటే డయోడ్ షార్ట్, ఏ వైపూ లేకపోతే తెగింది. అయితే యూనిట్ ఈ పరీక్ష గెలిచినంత మాత్రాన మంచిదని కాదు, వేడెక్కాక తప్పేవి ఉంటాయి. స్టేటర్, వైర్లు బాగుండి ఛార్జింగ్ మాత్రం రాకపోతే, అదే మోడల్ ఉన్న స్నేహితుడి బండి యూనిట్‌ను కాసేపు పెట్టి 5వ అంశం కొలత మళ్లీ తీయండి. దానితో తేలిపోతుంది.

కొనడానికి జయపురమో, బరంపురమో, విజయనగరమో వెళుతుంటే పాత యూనిట్‌ను వెంట తీసుకెళ్లండి. ఒకే పేరున్న బండికి కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి కప్లర్ మారుతుంది.

9. కీ ఆఫ్ చేసినా కారుతున్న కరెంటు

కీ ఆఫ్ చేయండి. నెగటివ్ తీగ విప్పి, ఆ తీగకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌తో కలపండి. మొదట పెద్ద రేంజితో మొదలుపెట్టి, అంకె చిన్నదైతే మిల్లీ ఆంపియర్లకు దిగండి. మీటరు ఇలా మధ్యలో ఉన్నంతసేపూ కీ ఆన్ చేయకండి, సెల్ఫ్ కొట్టకండి.

డిజిటల్ స్పీడోమీటరున్న బళ్లలో గడియారం కోసం కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. 10 దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ చూడండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో లోపం ఆ దారిలోనిది. నేరుగా బ్యాటరీకి తగిలించిన ఫోన్ ఛార్జర్, జీపీఎస్ పరికరం, అలారం మీద మొదటి అనుమానం పెట్టుకోండి. ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్ తీయగానే అంకె తగ్గితే దాని డయోడ్ లీకవుతోంది.

10. ఘాటీ దారులు, అదనపు దీపాలు

కోరాపుట్, సాలూరు మధ్య ఉన్న సుంకి ఘాటీలో (కొండదారిలో) మంచు కమ్మినప్పుడు అదనపు దీపాలు అవసరమే. ఎన్ని పెట్టవచ్చో లెక్క చూసుకుని పెట్టండి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 20 వాట్ల దీపాలు రెండు పెడితే 3.3 ఆంపియర్లు, అంటే దాదాపు ఇంకో 35 వాట్ల హెడ్‌లైట్ వెలిగించినట్టు.

ఎక్కేటప్పుడు ఇంజిన్ జోరుగా తిరుగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. దిగేటప్పుడే నష్టం. రేజ్ తక్కువ, బ్రేక్ లైటు ఆగకుండా వెలుగుతుంది, ఫాగ్ దీపాలు ఆన్‌లో ఉంటాయి. గేరులోనే దిగండి. బ్రేకులు వేడెక్కవు, ఛార్జింగ్ కూడా నిలుస్తుంది. అదనపు దీపాలను రిలే, విడి ఫ్యూజు, కీతో ఆగే స్విచ్ ద్వారానే కలపండి.

ఊళ్లో అర కిలోమీటరుకోసారి ఆపి సెల్ఫ్ కొట్టేవాళ్ల బ్యాటరీకి పోయింది తిరిగి చేరదు. కిక్ ఉన్న బండికి పొద్దుటి మొదటి స్టార్ట్ కిక్‌తో చేయండి.

11. తరచూ జరిగే తప్పులు

- మాటిమాటికీ పోతున్న ఫ్యూజు స్థానంలో తీగ ముక్క పెట్టడం. తర్వాత కాలేది వైరింగ్ మొత్తం.
- స్టేటర్, ఆర్‌ఆర్ యూనిట్ రెండూ ఒకేసారి మార్చేసి కప్లర్‌ను అలాగే వదిలేయడం.
- ఆర్‌ఆర్ యూనిట్‌ను గాలి తగలని చోట టేపుతో కట్టడం. దాన్ని కంపెనీ ఇచ్చిన చోటే లోహానికి ఆనించి బిగించాలి.
- ఏహెచ్ ఎక్కువ ఉన్న బ్యాటరీ పెడితే ఛార్జింగ్ పెరుగుతుందనుకోవడం. స్టేటర్ ఇచ్చేది అంతే ఉంటుంది.
- పూర్తిగా దిగిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిని తోసి స్టార్ట్ చేయాలని చూడడం. పంపుకు కరెంటు లేనిదే పెట్రోలు రాదు.

12. బాగుచేశాక సరిచూసుకోవడం

☐ ఐడ్లింగ్, 4,000 ఆర్‌పీఎం, దీపాలన్నీ వేసి: మూడు అంకెలూ రాసుకున్నాను
☐ అరగంట నడిపాక కప్లర్‌ను తాకి చూశాను, చెయ్యి కాలడం లేదు
☐ మర్నాడు పొద్దున ఆగిన బండి 12.5 పైన చూపింది
☐ కవరు చుట్టూ ఆయిల్ చెమ్మ లేదు
☐ వారం తర్వాత అవే కొలతలు మళ్లీ తీశాను

దారిలోనే ఛార్జింగ్ పోతే ఇంజిన్ ఆపకండి, అదనపు దీపాలన్నీ ఆపేయండి. 35 వాట్ల హెడ్‌లైట్ ఒక్కటే దాదాపు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. పంపు, ఇగ్నిషన్ దానికి అదనం. కాబట్టి 5 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా గంట నిలుస్తుందని నమ్మకండి. కోరాపుట్ నుంచి సాలూరు వైపు వస్తూ చీకటి పడుతుంటే సెమిలిగుడలోనో, పొట్టంగిలోనో ఆగిపోండి. దీపం ఆరిపోయే బండితో ఘాటీ దిగకండి.